గ్రాండ్ అంకుల్ గురువారం

“అమ్మలుకి చెవులు వినపడవేమోనని భయంగా ఉంది అంకుల్.”

ఆరు వారాలుగా భర్తతో తప్ప ఎవరితోనూ అనని మాట అది. డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్‌కు పోయే రైల్లో, కిటికీ వైపు తిరిగి కూర్చున్న పెద్దాయనతో సాహిత్య ఆ మాట అనేసింది. ఒళ్లో ఇరవై ఒక్క నెలల కూతురు అమ్మలు టోపీ దారాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

పెద్దాయన ఇటు తిరిగాడు. పాప బుగ్గ మీద వేలితో తట్టి, నిండుగా నవ్వి, “గ్రాండ్, గ్రాండ్,” అన్నాడు. మళ్లీ కిటికీలోంచి బయటకు చూడసాగాడు.

ఈయనతో చెప్పడమే నా తప్పు అనుకుంది సాహిత్య.

ఆయన పేరు కొండల్ రావు. డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్‌లో ఉన్న తెలుగు ఇళ్లన్నిటిలోనూ ఆయన గ్రాండ్ అంకులే. ఎలా ఉన్నారంటే గ్రాండ్. చలి చంపేస్తోందంటే గ్రాండ్. ఉద్యోగం పోయిందటగా అంటే, అదీ గ్రాండే. ఐర్లండ్‌లో ఆ మాట ఎలాగూ అందరికీ ఊతపదం. బాగుందన్నా అదే, పరవాలేదన్నా అదే, ఇక వద్దన్నా అదే. కాకపోతే ఇక్కడివాళ్లు చోటు చూసి వాడతారు. కొండల్ రావు ఒకసారి చావుకబురు విని కూడా గ్రాండ్ అన్నాడట. ఆ రోజు నుంచి ఆయన్ని పరామర్శలకు తీసుకెళ్లడం మానేశానని ఆయన భార్య లక్ష్మీకాంతం పదిమందిలో చెప్పి నవ్వించేది. “ముప్పై ఏళ్ల కాపురం. నా మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు,” అని చివర్న కలిపేది.

వాళ్లది హనుమకొండ. కొండల్ రావు బి.ఎస్సీ. చదివి హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో చేరాడు. ఆరబెట్టిన మందు గడ్డల్ని మరలో వేసి పొడి చేసే సెక్షన్లో పద్దెనిమిదేళ్లు చేశాడు. ఆ అనుభవం మీదే రెండు వేల రెండులో ఐర్లండ్ వచ్చాడు. ఇక్కడా అదే పని, ఇంకా పెద్ద మరలు. ఏడేళ్లు గడిచాక మాంద్యం వచ్చింది. పోయిన వేసవిలో ఒకే రోజు నలభై మందిని తీసేస్తే అందులో ఆయనా ఒకడు. వయసు యాభై నాలుగు. అయినా పొద్దున ఏడున్నరకల్లా గడ్డం గీసుకుని, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని ఇంట్లోంచి బయటపడటం మానలేదు. ఎక్కడెక్కడ తిరుగుతాడో ఎవరికీ తెలియదు. గురువారాల సంగతి మాత్రం తెలుసు. సిటీలో నది దాటాక, పాత కోటగోడ పక్కన, ఎనిమిది వందల ఏళ్ల నాటి రాతి చర్చి ఒకటుంది. గురువారం ఆయన అందులో కూర్చుంటాడు.

మతం పుచ్చుకున్నాడా అని కొందరు గుసగుసలాడారు. ఇంట్లో యాదగిరి నరసింహస్వామి పటానికి దీపం పెట్టందే మంచినీళ్లు ముట్టని మనిషి ఆయన. అడిగినవాళ్లకు గ్రాండ్ అనే చెప్పాడు.

సాహిత్యకు ఈ దంపతులతో పరిచయం పాప వల్ల. ఆమె కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, లూకన్ దాటాక ఉన్న మందుల ప్లాంటు ల్యాబులో పరీక్షలు చేస్తుంది. భర్త ప్రణీత్‌కు డబ్లిన్‌లో పని పోయి, దేశానికి పడమటి చివర కాజిల్‌బార్ దగ్గర వైద్య పరికరాల ప్లాంటులో ఆరునెలల కాంట్రాక్టు దొరికింది. శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం వెళ్లిపోతాడు. సాహిత్య పనిచేసే ప్లాంటు మనుషుల్ని తీసేయకుండా వారానికి మూడు రోజుల పనికి కుదించింది. ఆ మూడు రోజులూ పాప లక్ష్మీకాంతం దగ్గరుంటుంది.

భయం మొదలైంది ఫిబ్రవరిలో. పిల్లల ఎదుగుదల చూసే ప్రభుత్వ నర్సు దగ్గరకు మామూలు పరీక్షకు తీసుకెళ్లింది. పాప ముందు చెక్క ముక్కలు పెట్టి, నర్సు వెనక్కి వెళ్లి పేరుతో పిలిచింది. పాప తిరగలేదు. ఇంకోసారి పిలిచింది. పాప ముక్క మీద ముక్క పెట్టుకుంటూ కూర్చుంది తప్ప తల ఎత్తలేదు. ఎన్ని మాటలు వచ్చని నర్సు అడిగింది. ‘మ్మ’ అంటుందని సాహిత్య చెప్పింది. నర్సు కాగితం మీద ఏదో రాసుకుని, కంగారు పడొద్దని, వినికిడి పరీక్షకు పేరు పంపిస్తున్నానని చెప్పింది.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. పేరు జాబితాలో చేరిందట. పరీక్ష జరగడానికి పద్నాలుగు నెలలు పట్టవచ్చట. ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి పాపం మర్యాదగానే చెప్పింది. ఆ పరీక్ష చేసేవాళ్లు ముగ్గురుండేవారు, ఒకరు మానేశారు, ఒకరు పురిటి సెలవులో ఉన్నారు. ప్రభుత్వం కొత్త నియామకాలు ఆపేసింది కాబట్టి వాళ్ల స్థానంలో ఎవరూ రారు. ప్రైవేటు చోట అడిగితే, ఇంత చిన్నపిల్లలకు కావలసిన గది తమ దగ్గర లేదని మళ్లీ అక్కడికే పొమ్మన్నారు. ఇండియా తీసుకెళ్లి చూపించాలంటే నెల సెలవు కావాలి. నెల సెలవు పెట్టినవాళ్ల పేరే ఈసారి తీసేసేవాళ్ల జాబితాలో ముందుంటుందని ల్యాబులో అనుకుంటున్నారు. ఆమె ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండే వర్క్ పర్మిట్ పోతుంది. పర్మిట్ పోతే పరీక్ష జాబితాలో పాప పేరూ పోతుంది.

ఏ తలుపు తట్టినా ఇంతే. ప్రణీత్ ఫోన్లో, చూద్దాం, ఆగు, అనేవాడు. ఆగడం ఆమెకు చేతకాలేదు. నోటు పుస్తకం తెరిచి తేదీ, గంట, దూరం, చప్పుడు అని గళ్లు గీసింది. పాప ఆడుకుంటుంటే వెనక నిలబడి స్టీలు గిన్నె మీద గరిటెతో కొట్టేది. తలుపు దబాలున వేసేది. చప్పట్లు కొట్టేది. కొన్నిసార్లు పాప తిరిగింది, కొన్నిసార్లు లేదు. తిరిగింది చప్పుడుకా, నీడకా, గాలికా అన్నది తేలేది కాదు. పుస్తకంలో నలభై పేజీలు నిండాయి కానీ ఒక్క ముక్క తెలియలేదు.

అలాంటప్పుడు లక్ష్మీకాంతం ఏదో మాటల్లో, ఆ చర్చిలో ఆర్గన్ అనే గోడంత గొట్టాల బాజా ఒకటుందట, గురువారం మధ్యాహ్నం ఎవరో సాధన చేస్తారట, వాయిస్తే కట్టడమే అదిరిపోతుందట, ఈయనకి అదో పిచ్చి, అంది. అదిరిపోతుందన్న మాట సాహిత్య చెవిలో ఉండిపోయింది. అంత చప్పుడు ఇంట్లో పుట్టించలేదు. వాయించే మనిషి కనపడడు, గాలి తగలదు, నీడ పడదు. చర్చి చూడాలని ఉందని చెప్పి, మార్చి నెలలో ఒక గురువారం కొండల్ రావు వెంట బయలుదేరింది. నోటు పుస్తకం సంచిలో పెట్టుకుంది.

హ్యూస్టన్‌లో దిగి లూవస్ అనే ట్రాము ఎక్కారు. మూడు స్టాపులు పోయాక దిగి, నది మీద వంతెన దాటి, ఎత్తు ఎక్కారు. చర్చి బయట నుంచి చిన్నగానే కనిపించింది. ఒక సగానికి పైకప్పు లేదు. వానకు నల్లబడ్డ తోరణాలు ఊరికే నిలబడి ఉన్నాయి. కప్పున్న సగంలోకి వంగి వెళ్లాల్సిన తలుపు. లోపల తడి రాయి వాసన, కొవ్వొత్తుల వాసన. తలుపు దగ్గర బల్ల వెనక కూర్చున్న ముసలామె కొండల్ రావుని చూసి చెయ్యి ఊపింది.

నేలంతా సమాధి రాళ్లే. పేర్లు అరిగిపోయి అక్కడక్కడా ఒక అక్షరం మిగిలింది. తెల్లవాళ్లు ఇద్దరు ముగ్గురు వాటి మీదుగానే నడుస్తున్నారు. కొండల్ రావు మాత్రం గోడవారగా, రాయి రాయికీ మధ్య సందు చూసుకుంటూ నడిచాడు. సాహిత్య కూడా అలాగే నడిచింది. ఎవరూ చెప్పనక్కర్లేదు, పడుకున్న మనిషిని దాటరాదని ఇద్దరికీ తెలుసు.

వెనకవైపు, పెద్ద గొట్టాల బాజా కింద, చెక్క పలకలు పరిచిన చోటు ఉంది. అక్కడ బెంచీ మీద కూర్చుని కొండల్ రావు బూట్లు విప్పాడు, తర్వాత మేజోళ్లు కూడా విప్పి, మడిచి బూట్లలో పెట్టాడు. ముసలామె లేచి వచ్చి ఆయన పక్కన చిన్న చాప ఒకటి వేసి, సాహిత్య వైపు చూసి గౌరవంగా తలవంచి వెళ్లింది. దేవుడున్న చోటు కదా, సాహిత్య తన బూట్లూ విప్పింది. పాపవీ విప్పింది. పలకల మీద ఉత్త కాళ్లతో నిలబడేసరికి పాప కాలివేళ్లు ముడుచుకుని నవ్వింది.

సంచిలోంచి పుస్తకం తీస్తుంటే కొండల్ రావు ఆమె ఎదురుగా జరిగి కూర్చున్నాడు.

“ఏందది బిడ్డా?”

ఈసారి చెప్పాలనిపించలేదు. కానీ ఆయన కళ్లు తన ముఖం మీదే ఉన్నాయి. రైల్లో ఉన్నట్టు లేవు. నర్సు దగ్గర నుంచి మొదలుపెట్టి ఉత్తరం దాకా అంతా చెప్పింది. ఆయన గ్రాండ్ అనలేదు. కాసేపు పాపని చూశాడు.

“ఆ నర్సు ఏమని పిల్చింది?”

“పేరుతోనే. చార్టులో ఉన్న పేరు.”

“ఏం పేరు?”

సాహిత్య తడబడింది. పుస్తకం అట్ట తిప్పి, మీద రాసి ఉన్న పేరు చూపించింది. చాముండేశ్వరి. ప్రణీత్ తల్లి పేరు. పెళ్లికి ముందే పోయిన అత్తగారి పేరు పాపకు పెట్టాలని అతను ముచ్చటపడ్డాడు. కాగితాల మీద పెట్టారు. అత్తగారిని పేరుపెట్టి పిలవడం ఎక్కడైనా ఉందా, అందులోనూ పోయినావిడని? సాహిత్య ఒక్కసారి కూడా ఆ పేరుతో పాపని పిలవలేదు. ప్రణీత్‌కు నోరు రాదు, అమ్మ అంటే ఏడుపొస్తుంది. అందరికీ పాప అమ్మలే.

కొండల్ రావు భుజాలు కదిలేలా నవ్వాడు. “ఆమెకెట్ల తెలుస్తది తన పేరని? నన్ను ఎనక నుంచి తిరుపతయ్యా అని పిలువు, నేను తిరుగుతనా?”

ఆరు వారాలు సాహిత్యకు నిద్ర లేకుండా చేసిన పరీక్ష అసలు పరీక్షే కాదు. తానే రోజూ ల్యాబులో శాంపుల్ మీద పేరు సరిచూడనిదే సీసా మూత తీయదు.

అప్పుడే పైన బాజా మొదలైంది. మొదట సన్నగా, తర్వాత ఒక్కసారిగా బరువైన స్వరం లేచింది. చర్చి గోడలు గుమ్మన్నాయి. పాప ఆడుతున్నదల్లా బిగుసుకుపోయింది. కళ్లు పెద్దవయ్యాయి, నోరు తెరిచింది, మోకాళ్లు వంచి చిన్నగా గెంతింది. స్వరం ఆగింది, పాపా ఆగింది. మళ్లీ లేచింది, పాప మళ్లీ గెంతింది.

సాహిత్య రెండు చేతులతో నోరు మూసుకుంది. కన్నీళ్లు ఆగలేదు. పుస్తకం కిందపడినా తీసుకోలేదు. వినపడుతోంది. నా తల్లికి వినపడుతోంది.

కొండల్ రావు నవ్వలేదు. బాజా మళ్లీ ఆగేదాకా పాపనే చూశాడు. తర్వాత సాహిత్య భుజం తట్టి, ఆమె ముఖం తనవైపు తిప్పేదాకా ఆగాడు.

“నీ సంతోషం చెడగొట్టొద్దనే ఉన్నది బిడ్డా. కానీ పిల్ల చప్పుడొచ్చే దిక్కు చూడలే. కాళ్ల దిక్కు చూసింది.”

ఆమెకు అర్థం కాలేదు.

“చెక్క అదురుతది. ఉత్త కాళ్లకు తెలుస్తది. నేను గూడ గట్లనే ఇంట. చెవులతోని కాదు.”

ఆ మధ్యాహ్నం కొండల్ రావు చెప్పింది ఇల్లు చేరాక సాహిత్య మళ్లీ మళ్లీ తలచుకుంది. హైదరాబాదులో మర పక్కన నిలబడ్డ పద్దెనిమిదేళ్లూ చెవులకు రక్షణంటే దూదే, అదీ ఇంటి నుంచి తెచ్చుకుంటేనే. ఐర్లండ్ వచ్చేనాటికే సన్నని గొంతులు వినపడటం పోయింది. ఇక్కడి కంపెనీలో ఏడాదికోసారి వినికిడి పరీక్ష. అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడగానే మీట నొక్కమంటారు. తప్పితే ఉద్యోగం ఉంటుందో లేదోనని భయం. చప్పుడు వదిలినప్పుడల్లా అద్దం అవతల నర్సు భుజం కాస్త కదిలేది. ఆయన భుజం చూసి నొక్కాడు. ఏడేళ్లూ నూటికి నూరు. తీరా ఉద్యోగం ఎలాగూ పోయింది. ఇప్పుడు డాక్టరు దగ్గరకు పోయి మొర పెట్టుకుందామన్నా, ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయని ఆయన చేతులారా తెచ్చుకున్న కాగితాలే ఏడు ఉన్నాయి. ఎవరూ మోసం చేయలేదు. ఎవర్ని అడగాలో తెలియదు.

పని పోయిన కొత్తల్లో ఒక గురువారం వానకు తడిసి ఈ చర్చిలో దూరాడట. బూట్లలో నీళ్లు. విప్పి కాళ్లు పలకల మీద పెట్టాడు. పైన ఎవరో వాయిస్తున్నారు. ఏళ్ల తర్వాత సంగీతం ఒంట్లోకి ఎక్కింది. ముసలామె అది ఆయన మతాచారమనుకుని మరుసటి వారం చాప తెచ్చింది. కాదని చెప్పబోతే ఆమె ఏమందో వినపడక గ్రాండ్ అనేశాడు.

“లక్ష్మీకాంతం ఆంటీకి తెలీదా?” అని ఆ బెంచీ మీద ఆయన చెప్పడం ముగించగానే సాహిత్య అడిగింది.

“నేను ఇననని అనుకుంటది. మా బిడ్డ విజేత గూడ అంతే, డాడ్ యూ నెవర్ లిజన్ అంటది. ఇనబడనోడు అనిపిచ్చుకునుడు కంటె ఇననోడు అనిపిచ్చుకుంటేనే జర మర్యాద.”

“రైల్లో నేను చెప్పింది…”

“ఏం జెప్పినవ్?” అన్నాడాయన.

సాహిత్య పాపని ఎత్తుకుంది. పలక మీంచి కాళ్లు తీస్తే తేలుతుంది కదా. పైన బాజా మళ్లీ మొదలైంది. పాప తల్లి కోటు గుండీ పట్టుకుని, దాన్ని తిప్పుతూ, బొంగురుగా ఏదో అంది. సాహిత్య తన పక్కటెముకల్లో ఆ స్వరం కదలడం గమనించింది. ఎత్తుకున్నా అంతే, తన ఒంట్లోంచి పాప ఒంట్లోకి పోతుంది. నేలనూ తననూ వదిలేసి పాపని ఎక్కడ పెట్టాలి? బెంచీ మీద కోటు మడిచి వేసి కూర్చోబెడదామనుకుంది. ఈలోగా బాజా ఆగిపోయింది. ఒక కాలేజీ అమ్మాయి స్వరాల కాగితాలు చంకన పెట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఇంకొక్కసారి వాయిస్తారా అని సాహిత్య అడిగింది. ఆ అమ్మాయి చేతి గడియారం చూసుకుని, బస్సు వెళ్లిపోతుందని, వచ్చే గురువారం రమ్మని, మంచిగా చెప్పి వెళ్లిపోయింది.

పుస్తకం నేల మీద నుంచి తీసి కలం పట్టుకుంది. ఏమని రాయాలి? నర్సు పరీక్షలో పాప తప్పడం లెక్కలోకి రాదు. ఇక్కడ నెగ్గడమూ లెక్కలోకి రాదు. పొద్దున ఇంట్లోంచి బయలుదేరినప్పుడు ఎంత తెలుసో ఇప్పుడూ అంతే తెలుసు. తేదీ ఒక్కటి వేసి, పక్క గడి ఖాళీగా వదిలి మూసేసింది. పాప కాళ్లు చల్లబడిపోయాయి. మేజోళ్లు తొడిగింది.

“ఇప్పుడు నేనేం చెయ్యాలి అంకుల్?” ముఖం ఎత్తి, ఆయనకు కనపడేలా అడిగింది.

“పిల్లకు ఇనబడ్తదో లేదో నాకు తెల్వదు. నీకూ తెల్వదు. ఆ పరీక్ష అయ్యేదాక ఎవ్వలకు తెల్వదు.” ఆయన బూటు తాళ్లు కట్టుకున్నాడు. “ఆరు వారాల సంది గిన్నె పట్టుకుని ఆ పిల్ల ఎనకనే నిలబడ్డవ్. ఆమెకు నీ మొఖమెప్పుడు కనబడ్డది? ముంగటికి రా బిడ్డా. కింద కూసో. వెల్తురు నీ మొఖం మీద పడేటట్టు కూసొని మాట్లాడు. ఇనబడితే ఇంటది. ఇనబడకుంటే చూస్తది.”

పరీక్షకు పిలిచే ఉత్తరం ఇంకా రాలేదు. జాబితా కదిలిందో లేదో ఫోన్ చేస్తే చెప్పరు. ప్రణీత్ కాంట్రాక్టు ఇంకో మూడు నెలలు పెరిగింది, సాహిత్యకు ఇంకా మూడు రోజుల పనే. ఆడమ్స్‌టౌన్ ఫ్లాట్‌లో వెలుతురు ఒక్క వంటగది కిటికీ నుంచే వస్తుంది. పొద్దున పాలు కలిపాక సాహిత్య ఆ కిటికీకి ఎదురుగా నేల మీద చతికిలబడి, పాపని తన ముందు కూర్చోబెట్టుకుంటుంది. మబ్బు పట్టిన రోజున దీపం వేసుకుంటుంది. పాప కళ్లు తన ముఖం మీదకు వచ్చేదాకా ఆగి, అప్పుడు మాట్లాడటం మొదలుపెడుతుంది.